ఇంటిగడ్డి మేడమ్

కామేశ్వరి గారు కన్నుమూశారు. ఆసుపత్రి నుంచి ఆవిడ భర్త సన్యాసిరావు గారు తెల్లవారుతుండగా ఫోన్ చేసి, "మూర్తీ, మీ మేడమ్ పోయిందయ్యా" అన్నారు. నేను "అలాగే సార్" అని పెట్టేశాను. చావు కబురు చెబితే అలాగే అంటారా ఎవరైనా? మళ్ళీ నేనే ఫోన్ చేసి, ఆయన గొంతు విని, అప్పుడు ఏడ్చాను. నెలల తరబడి మంచాన ఉన్న మనిషి. రేపో మాపో అని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. అయినా ఆ వార్త నెత్తిన పిడుగులాగే పడింది. ఇది రాస్తున్న ఈ పూటకు కూడా నా మనసు ఆ సత్యాన్ని అంగీకరించడం లేదు.

మర్నాడు పత్రికలో రెండు వాక్యాలు వేశారు. వృక్షశాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలు కన్నుమూత అట. ఇంటిపేరు తప్పు రాశారు. ఏ మొక్క కోసం ఆ విదుషీమణి తన జీవితాన్ని ధారపోసిందో, ఆ మొక్క ఊసే లేదు. సరే, వాళ్ళకు స్థలం చాలలేదు. నాకు ఉంది కనుక నేను చెబుతాను. ముందే హెచ్చరిస్తున్నాను, ఇందులో ఓదార్పు దొరకదు. నాకే దొరకలేదు.

ఆవిడ పార్వతీపురం పక్క రైతు కుటుంబంలో పుట్టారు. విశాఖపట్నంలో మా కళాశాలలో చేరి అక్కడే పదవీ విరమణ చేశారు. తృణజాతుల వర్గీకరణ ఆవిడ ప్రత్యేక విషయం. అంటే గడ్డిమొక్కల్లో ఏది ఏ జాతికి చెందిందో నిర్ణయించడం. పూలమొక్కల మీద పనిచేసేవారికి ప్రశంసలు, మందుమొక్కల మీద పనిచేసేవారికి నిధులు, గడ్డి మీద పనిచేసేవారికి వెటకారాలు. స్టాఫ్‌రూములో ఆవిడ అడుగుపెడితే "గడ్డి మేడమ్ వచ్చారు" అని వినపడేట్టే అనేవారు. "పొద్దున్న మీరు తిన్న అన్నం ఏటనుకున్నారు? గడ్డిగింజే కదా" అని నవ్వేసి తన బల్ల దగ్గరకు వెళ్ళిపోయేవారు. పాఠం చెప్పేటప్పుడు నిర్దుష్టమైన శాస్త్రపరిభాష. కోపమొచ్చినా, ముచ్చటేసినా, దుఃఖమొచ్చినా మాత్రం ఊరి మాటే.

బీఎస్సీలో ఆవిడ మాకు చెప్పిన మొదటి పాఠం నిన్ననే విన్నట్టుంది. తలా ఒక గడ్డిపోచ చేతికిచ్చి, కళ్ళు మూసుకుని వేళ్ళతో చెప్పమన్నారు. కాండం గుండ్రమా, పలకలా? కణుపు నున్నగా ఉందా, నూగు తగులుతోందా? నేను ఓరకంట చూస్తుంటే పట్టేసుకున్నారు. "చూడొద్దని ఎందుకన్నానో తెలుసా మూర్తీ? చూస్తే అన్నీ పచ్చగానే ఉంటాయి" అన్నారు. తర్వాత నేను అదే కళాశాలలో అధ్యాపకుణ్ణై, హెర్బేరియం బాధ్యత తీసుకున్నాను. హెర్బేరియమంటే ఎండబెట్టిన మొక్కల్ని అట్టల మీద కుట్టి తరతరాలకు భద్రపరిచే గది. అప్పటికి కూడా నేను తెచ్చిన ప్రతి నమూనానూ ఆవిడ ముందు వేళ్ళతోనే తడిమి చూసేవారు.

ఆవిడ జీవితాన్ని మలుపు తిప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. తొంభైల మొదట్లో ఒక కార్తీకమాసం. విద్యార్థుల్ని వెంటబెట్టుకుని అనంతగిరి వెళ్ళాం. పిల్లలంతా జలపాతం వైపు పరుగెత్తారు. ఆవిడ పెదరాయివలస అనే చిన్న గూడెం పైనున్న రాతివాలు ఎక్కారు. రాయి మీద జానెడు మట్టి, ఆ మట్టి నిండా నడుమెత్తు గడ్డిదుబ్బులు. కణుపు కణుపుకీ ఊదారంగు వలయం, కంకుల మీద తేనెరంగు ముళ్ళలాంటి శూకాలు. ఆవిడ ఒక గింజను అరచేతిలో వేసుకుని నీటిచుక్క తగిలించారు. శూకం మెలికలు విప్పుకుంటూ గింజను గిర్రున తిప్పింది. వాన పడగానే తన గింజను తానే నేలలోకి గుచ్చుకునే ఉపాయమది. ఆవిడ మళ్ళీ మళ్ళీ నీళ్ళు చిలకరించి, తాను ఎదిగిన మనిషినన్నది మరిచి మురిసిపోయారు.

గూడెం నుంచి బుద్రమ్మ పైకి వచ్చి మమ్మల్ని వింతగా చూసింది. ఆ ఊరి పెద్ద కుటుంబం మనిషి, కామేశ్వరి గారి ఈడుదే.

"ఏటమ్మా, గడ్డి కోసం రైలెక్కి వచ్చినావా? మీ ఊర్లో గడ్డి నేదా?" అంది.

"ఈ గడ్డి నేదమ్మా. దీన్నేటంటారు మీరు?"

"ఇంటిగడ్డంటాం. ఇళ్ళు కప్పుకుంతాం. ఇదేటి గొప్ప?"

"నాకు తెలిసి ఇది ఇంకెక్కడా నేదు."

"మాకు కొండంతా ఉందిలే. కావాలంటే మోపు కట్టుకుని పట్టుకెల్లు" అంది బుద్రమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది.

కొత్తజాతి అని అనుకోవడం వేరు, నిరూపించడం వేరు. దేశంలోని ఎన్నో హెర్బేరియాల నుంచి నమూనాలు తెప్పించి, ఒక్కొక్క చిరుకంకినీ సూదితో విప్పి పోల్చారు. చింతపల్లి కొండలు, రాజవొమ్మంగి అడవులు, జీపుల్లో కిక్కిరిసి, కొన్నిచోట్ల కాలినడకన గాలించారు. ఎక్కడా లేదు. ఒక్క ఆ కొండవాలు మీద, అటు వాగుకీ ఇటు వాగుకీ నడుమ మాత్రమే. చివరకు ఒక అంతర్జాతీయ పరిశోధన పత్రిక కొత్తజాతేనని అంగీకరించింది. తన గురువు పేరో, తన పేరో పెట్టుకోమని అందరూ అన్నాం. ఆవిడ పెదరాయివలస పేరే లాటిన్‌లోకి మార్చి పెట్టారు. "అది వాళ్ళ ఇంటిగడ్డి. మన పేరెందుకు?" అన్నారు.

నమూనాకు వేరు కూడా ఉండాలి. వేరు లేకపోతే అది బహువార్షికమో, ఏడాదికే చచ్చే మొక్కో ఎవరికీ తెలియదు. అందుకని అందరమూ దుబ్బు దుబ్బే పెకలించేస్తాం. ఆవిడ ఏనాడూ అలా చేయలేదు. దుబ్బు పక్కన కూర్చుని, వేళ్ళతో మట్టి తోడి, ఒక మూల పిలకను వేరుతో సహా విడదీసి, గోతిలో మట్టి నింపి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు పోసేవారు. ఎండలో మా నాలుకలు పిడచగట్టుకుపోతుంటే గడ్డికి నీళ్ళు పోసే మనిషిని చూసి నేను లోలోపల తిట్టుకున్న రోజులున్నాయి. ఒకసారి పైకే అనేశాను. "నువ్వు కిందకెల్లి తాగుతావు. అది ఎక్కడికెల్తాది?" అన్నారు.

అంత ప్రేమే ఆ జాతికి మృత్యువైంది. ఇది రాయడానికి నా చెయ్యి రావడం లేదు. కానీ రాయకపోతే ఆవిడే క్షమించరు.

ఒక పుష్యమాసంలో మేమిద్దరం వెళ్ళేసరికి గూడెం గూడెమంతా కొడవళ్ళతో కొండ మీదుంది. వాలంతా గుండు గొరిగినట్టుంది. మోపులు కట్టి కిందకు దొర్లిస్తున్నారు. ఇళ్ళు కప్పుకోవడానికి ఏటా ఆ నెలలో జరిగే కోత అది. మేము అంతవరకూ ఎప్పుడూ పూతకాలంలోనే వెళ్ళాం కనుక చూడలేదు. ఆవిడ రాయి మీద కూలబడి, "అంతా కోసేత్తన్నారు మూర్తీ. ఇంకేటి మిగుల్తాది?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. వరి పండించే ఇంటి బిడ్డ. కోతంటే ఆ మొక్క కథ ముగిసినట్టే ఆవిడకు. ఏటా పడే ఈ దెబ్బ వల్లే ఆ గడ్డి కొండ దాటి వ్యాపించలేకపోతోందని అక్కడే తీర్మానించుకున్నారు.

అందులో తప్పుందని ఆనాడు ఎవరికీ తోచలేదు. వర్గీకరణ మా వృత్తి. కంకి చేతిలోకి తీసుకుంటే రోమం రోమం లెక్కగా వర్ణిస్తాం. కొండను కొండగా చూడటం మాకెవరూ నేర్పలేదు. పోనీ గూడెంలోనైనా ఎవరికైనా తెలుసా అంటే, వాళ్ళకూ తెలియదు. గడ్డికి మేలని వాళ్ళు కోయలేదు, ఇల్లు కురుస్తుందని కోసేవారు.

"కొయ్యకుండా ఉండలేరా బుద్రమ్మా?" అని ఆ సాయంత్రం అడిగారు ఆవిడ.

"రేకులిప్పించు, కొయ్యం. ఏటేటా కొండెక్కి సేతులు కోసుకోడం మాకేటి సరదా?" అంది బుద్రమ్మ.

అప్పటి నుంచి కామేశ్వరి గారు ఆఫీసుల చుట్టూ తిరిగారు. తనకోసం ప్రమోషను కూడా అడగని మనిషి, గూడెం ఇళ్ళకు సిమెంటు రేకుల కోసం బల్లబల్లకూ చేతులు కట్టుకు నిలబడ్డారు. ఒక అధికారి విసుగెత్తి, "ఇంతకీ మీరు మనుషుల కోసం వచ్చారా, గడ్డి కోసం వచ్చారా?" అని అడిగాడు. "మీరు దేనికోసం ఇస్తారో దానికోసమే వచ్చాననుకోండి" అన్నారు. ఆయన నవ్వేసి సంతకం పెట్టాడు. లారీ రోడ్డు దాకా వచ్చింది. అక్కడి నుంచి రేకులు తలల మీద మోసుకెళ్ళారు. ఆ రాత్రి ఆడవాళ్ళు ధింసా ఆడుతూ ఆవిడను కూడా వరుసలోకి లాగారు. ఆవిడ అడుగు తప్పి బుద్రమ్మ కాలు తొక్కుతూనే ఉన్నారు. అంత సంతోషంగా ఆవిడను నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మొదట్లో అంతా ఆవిడ ఆశించినట్టే జరిగింది. కోత లేని కొండ మీద గడ్డి మనిషెత్తు పెరిగింది. కార్తీకంలో ఆ వాలంతా తేనెరంగు తిరిగింది. విద్యార్థుల్ని తీసుకెళ్ళి, "చూశారా, ముట్టుకోకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో" అని గర్వంగా చూపించారు. ఆ వాక్యాన్ని తర్వాత రోజుల్లో తలుచుకుని తలుచుకుని కుమిలిపోయారు.

రెండు వేల సంవత్సరం దాటాక కొండ రంగు మారింది. పచ్చదనం తగ్గి బూడిదరంగు ఎక్కువైంది. ఏటికేడు ఎండిన ఆకులు రాలిపోకుండా దుబ్బు మీదే పేరుకుని, కింద పిలకలకు వెలుతురు అందకుండా చేశాయి. ఆ సందుల్లోకి లాంటానా అనే కలుపు ముళ్ళపొదలు దూరాయి. దుబ్బులు నడిమధ్య కుళ్ళి గుల్లలయ్యాయి. ఆవిడ తెగులనుకుని పరీక్షలకు పంపించారు. వానలు చాలలేదనుకున్నారు. మేకల్ని అనుమానించి గూడెం వాళ్ళతో మాట పట్టింపు కూడా తెచ్చుకున్నారు. ఏదీ కాదు. పాపం, వెతకని చోటు లేదు.

ఒకనాడు కొండ దిగి వస్తూ, వాలుకు అడ్డంగా పోయే కరెంటు తీగల కింద ఆగిపోయారు. తీగలకు తగలకుండా లైన్‌మన్లు ఏటా అక్కడ మొక్కామోడూ నరికేస్తారు. ఆ సన్నటి పట్టీలో మాత్రం ఇంటిగడ్డి పచ్చగా ఉంది. పైనా కిందా అంతా చచ్చిపోయి, కోత పడినచోట బతికి ఉంది. ఆవిడ ఆ పట్టీని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచి, వెనక్కి వచ్చి, నా చెయ్యి పట్టుకున్నారు.

"కోతే దీనికి ప్రాణం మూర్తీ. కొయ్యనివ్వక నేను సంపేసినాను."

కాదని వాదించాను. కావాలని చేయలేదన్నాను. అప్పటి శాస్త్రమంతేనన్నాను. ఆవిడ వినలేదు. నిజానికి ఆవిడ అన్నది నిజం, నేనన్నది ఓదార్పు. ఆవిడకు ఆ రెండింటికీ తేడా బాగా తెలుసు.

అటునుంచి అటే గూడెంలోకి వెళ్ళి బుద్రమ్మ గడపలో కూర్చుని, చేసిన పొరపాటు దాచకుండా చెప్పారు. ఇంకొకరైతే ఊరుకునేవారు, ఎవరడుగుతారు? బుద్రమ్మ చాలాసేపు విని, "నువ్వేటి, పగబట్టి సేసినావా? రేకులడిగింది మేమే కదా. రేపు అందరం ఎల్తాం, కోసేత్తాం" అంది. మర్నాడు ఎవరికీ అక్కరలేని ఆ గడ్డి కోసం ఊరంతా కొండెక్కింది. లాంటానా ముళ్ళు గీరుకుని చేతులు రక్తాలోడుతుంటే పొదలు నరికారు. కోసిన గడ్డి ఏం చేసుకోవాలో తెలియక కుప్ప వేశారు. మేకలు కూడా వాసన చూసి వదిలేశాయి.

వానలొచ్చాక లాంటానా చిగిర్చింది. గడ్డి చిగిర్చలేదు.

తీగల కింద మిగిలిన కొద్ది దుబ్బుల మీద ఆవిడ ప్రాణాలన్నీ పెట్టుకున్నారు. అవి పూశాయి. ఆవిడ కంకి తీసి చిరుకంకిని గోటితో నొక్కారు. తాలు. ఇంకొకటి నొక్కారు. అదీ తాలే. ఈ జాతికి వేరే తల్లి దుబ్బు పుప్పొడి తగిలితేనే గింజ కడుతుంది. అలాంటి దుబ్బులు చుట్టూ ఇక లేవు. మిగిలినవన్నీ ఒకే తల్లి పిలకలు. ముసలిదైన దుబ్బు చచ్చిపోతే ఆ చోట మొలవడానికి గింజ లేదు. ఏటా కార్తీకంలో వెళ్ళడం, ఎండలో కూర్చుని ఒక్కొక్క కంకినీ నొక్కి చూడటం, లేవడం. గింజలు ముందే దాచుకోవలసింది కదా అని మీరడగవచ్చు. దాచాం. సీసాల నిండా దాచాం. ఆ గింజలో జీవం ఏడాది మించి నిలవదని, నాటి చూశాక తెలిసింది. పిలకలు తెచ్చి విశాఖలో డాబా మీద కుండీల్లో పెంచారు. మా ఉప్పుగాలికీ ఉక్కకీ వేరు కుళ్ళి చచ్చిపోయాయి. చివరి కుండీని కూడా పారేయకుండా ఉత్త మట్టికే నీళ్ళు పోస్తుంటే సన్యాసిరావు గారు నాకు ఫోన్ చేసి, "నువ్వొచ్చి చెప్పవయ్యా, నా మాట వినడం లేదు" అన్నారు. నేను వెళ్ళాను గానీ చెప్పలేకపోయాను.

ఈ కార్తీకానికి ఆవిడ లేవలేని స్థితిలో ఉన్నారు. నన్ను పంపించారు. బుద్రమ్మను వెంటబెట్టుకుని కొండంతా తిరిగి, తిరిగొచ్చి మంచం పక్కన కూర్చున్నాను.

"ఉందా?" అన్నారు.

"లేదు మేడమ్."

"తీగల కింద?"

"అక్కడా లేదు."

గోడ వైపు తిరిగారు. నిద్రపోయారనుకున్నాను. కాసేపటికి, "వానలు ఎనకబడ్డాయి కదా. పుష్యం దాకా సూడు" అన్నారు. నాతో ఆవిడ మాట్లాడిన ఆఖరి మాటలవి. పుష్యం రాకముందే పోయారు. నేను వెళ్ళి చూస్తాను, ఆవిడ ఆజ్ఞ కనుక. కనబడుతుందన్న ఆశ నాలో రవంత కూడా లేదు.

మహనీయులు పోయినప్పుడు, వారి కృషి మిగిలే ఉంటుందని రాయడం మనకు అలవాటు. నేను ఆ మాట రాయలేను. ఆవిడ ముప్పూటలా శ్రమించి లోకానికి చూపించిన జీవి లోకంలో లేదు. ఆవిడలా వేళ్ళతో గడ్డిని గుర్తుపట్టేవారు మా విభాగంలో లేరు, తృణశాస్త్రం నేర్చుకుంటామని వచ్చే విద్యార్థి లేడు. తన తప్పును తానే కనిపెట్టి, తానే చాటి, దాని కిందే నలిగిపోయిన ఆ సత్యసంధురాలి పాదాలకు, శిష్యుడిగా నా నమస్కారం. ఆవిడ లేని లోటును కాలం పూడుస్తుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

అంత్యక్రియల నాడు బుద్రమ్మ, మరికొందరు ఆడవాళ్ళు పొద్దున్న బస్సుకే వచ్చేశారు. పాడె ఎత్తబోతుంటే బుద్రమ్మ నన్ను పక్కకు పిలిచి, "బాబూ, గుప్పెడు ఇంటిగడ్డి ఎక్కడైనా ఉంటే తేగలవా? తల కింద ఎట్టాల" అంది. వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే ఆ ఇంటి చూరులోంచే గుప్పెడు గడ్డి పీకి తల కింద పెట్టి పంపుతారట, పోయినచోట నీడ ఉండాలని. నాకు ఒక్కసారిగా హెర్బేరియం గుర్తొచ్చింది. అట్టల మీద ఆవిడ చేత్తో కుట్టిన పోచలు, బీరువా తాళం నా జేబులోనే ఉంది. సన్యాసిరావు గారు మా మాటలు విన్నారు. "వద్దు మూర్తీ. వాటిలోంచి పరక తీసినా ఆవిడ ఊరుకోదు. ఇంక అవే కదా ఉన్నాయి" అన్నారు.

లేదని బుద్రమ్మతో చెప్పాను. ఆమె తల ఊపింది.

"మా ఊర్లో మాత్రం ఏటుంది బాబూ? రేకులొచ్చినకాడ్నించి సచ్చిపోయినోళ్ళకి ఏటీ ఎట్టడం నేదు. ఒట్టి తలతోనే పంపేత్తన్నాం" అంది.

కామేశ్వరి గారినీ అలాగే పంపించాం.